మా కావలి ఎండకు న్యూజిలాండ్ ఫ్లాక్సా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి తోట పేజీ మొదలైనప్పటి నుంచి వదలకుండా చదువుతున్నాను. కావలిలో జాతీయ రహదారి పక్కన మాకు చిన్న నర్సరీ ఉంది కాబట్టి ఆ పేజీ చదవడం నాకు కాలక్షేపం కాదు, వ్యాపారం. ఆదివారం మీరు ఏ మొక్క బొమ్మ వేస్తే సోమవారం ఉదయం ఆ మొక్క కోసం జనం వస్తారు. కొందరు పేపరు ముక్క కత్తిరించి తెస్తారు. ఎక్కువమంది ఫోనులో ఫొటో తీసుకుని వస్తారు. ఈ మధ్య మీరు చారల ఆకుల న్యూజిలాండ్ ఫ్లాక్స్ గురించి అర పేజీ రాశారు. అప్పటి నుంచి ఆ మొక్క నా దగ్గర లేదని చెప్పడం, ఎందుకు లేదో చెప్పడం, తెప్పించి ఇవ్వమంటే ఎందుకు తెప్పించనో చెప్పడం, వీటితోనే నాకు పొద్దు గడిచిపోతోంది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మీకు రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే అవుతుంది. కత్తిరించక తప్పకపోతే నా సణుగుడు కత్తిరించండి, మొక్కల సంగతి మాత్రం ఉంచండి.

బొమ్మ చాలా బాగుంది, అందులో సందేహం లేదు. నిటారుగా లేచి చివర వంగిన పొడవాటి ఆకులు, మధ్యలో ఆకుపచ్చ, అంచు వెంట మీగడ రంగు, దాని పక్కన సన్నటి గులాబీ చార. అలాంటి ఆకును చూసి ముచ్చటపడని తోటమనిషి ఉండదు. నా పేచీ బొమ్మ కింద రాసిన మాటలతో. మొక్క సుగుణాలలో మొట్టమొదటిదిగా "మంచును తట్టుకుంటుంది" అని రాశారు. కావలిలో ఆ సుగుణం ఎవరికి కావాలి? సంక్రాంతి రాత్రి కూడా ఫ్యాను వేసుకుని పడుకునే ఇళ్లు మా వీధిలో ఉన్నాయి. సరే, అది పోనీయండి. "వసంతం మొదలయ్యే సెప్టెంబరులో పిలకలు విడదీసి నాటుకోవాలి" అని రాశారు. సెప్టెంబరులో వసంతం వచ్చేది భూమధ్యరేఖకు దక్షిణాన. మనకు వినాయక చవితి నాటికి ఉక్కపోత పోయి ఉండదు, మన పెద్ద వానలు ఇంకా మొదలై ఉండవు. "తోటలో ఉత్తరం వైపున నాటితే ఎండ బాగా తగులుతుంది" అన్నది ఇంకొక వాక్యం. అదీ ఆ దేశపు లెక్కే. న్యూజిలాండ్‌లో నిలబడి చూస్తే మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తరం వైపునే ఉంటాడు. మనకు చలికాలంలో దక్షిణానికి వాలి ఉంటాడు, ఏప్రిల్ ఆఖరుకో మే మొదటికో సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అక్కడి నుంచి ఆగస్టు నడుమ వరకు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. ఎవరి పెరటి కోసమో రాసినదాన్ని నెలలు, దిక్కులు కూడా మార్చకుండా మనకు వడ్డించారని చెప్పడానికి ఈ రెండు వాక్యాలు చాలు.

ఆ ఉత్తరం దిక్కు మాట వల్ల ఇంకొక తంటా వచ్చింది. ఒక పెద్దాయన వచ్చి, "ఉత్తరం కుబేర స్థానం కదమ్మా, అందుకేనా పేపరు వాళ్లు అక్కడ పెట్టమన్నారు? మాకు అటు ఖాళీ లేదు, ఈశాన్యంలో పెడితే దోషమా?" అని అడిగారు. వాస్తుకూ ఈ మొక్కకూ ఏ సంబంధమూ లేదని చెప్పాను. ఆయన నన్ను పూర్తిగా నమ్మినట్టు లేదు. పేపరులో పడ్డ మాట కదా.

నవ్వి ఊరుకోలేని సంగతి ఇంకొకటి జరిగింది కాబట్టే ఈ ఉత్తరం. మా ఊళ్లోనే ఒక కాలనీ సంక్షేమ సంఘం వారు తమ పార్కులో నడక దారికి రెండు వైపులా ఈ ఫ్లాక్స్ మొక్కే వేయాలని తీర్మానించుకుని వచ్చారు. ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన చందా డబ్బు అది. దారి పొడవు టేపుతో కొలిచి, ఎన్ని మొక్కలు పడతాయో లెక్క కట్టుకుని, మీ పేజీని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మరీ తెచ్చారు. నేను ఆ ఆర్డరు తీసుకోలేదు. చిన్న నర్సరీ నడిపే వాళ్లకు అంత పెద్ద బేరం కాదనడం మాటలు కాదు. కడియం నుంచి సరుకు తెచ్చే వ్యాను మా వారు నడుపుతారు. ఒక్క బేరంతో వ్యాను నిండేది కదా అని ఆయన బాధ. కానీ వేసిన మొక్క మే నెల దాటకపోతే సంఘం వారు వచ్చి అడిగేది మీ పత్రికను కాదు, నన్ను.

ఇంతకీ ఆ మొక్క ఏమిటో మీ వ్యాసంలో ఉండవలసినంత లేదు కాబట్టి నేను చెబుతాను. నేను జవహర్ భారతి కళాశాలలో వృక్షశాస్త్రంతో బీఎస్సీ చదివాను, అది ఇలా పనికి వస్తుందని అప్పట్లో అనుకోలేదు. దీని శాస్త్రీయ నామం ఫార్మియం. ఉన్నవి రెండే జాతులు, ఫార్మియం టెనాక్స్, ఫార్మియం కుకియానం. మొదటిది పెద్దది. ఆకు మూడు మీటర్ల దాకా, పూల కాడ ఐదు మీటర్ల దాకా పెరుగుతుంది. బాల్కనీ కుండీలో పెట్టుకుందామని అడిగిన వాళ్లకు ఈ కొలత చెబితే సగం మంది అక్కడే ఆగిపోతున్నారు. రెండో జాతి దానికన్నా చిన్నది. ఈ రెంటి నుంచీ, వీటిని కలిపీ తోటల కోసం పొట్టి రకాలు, ఎర్ర ఆకు రకాలు, చారల రకాలు తయారు చేశారు. ఎల్లో వేవ్, ట్రైకలర్, సన్‌డౌనర్ అని రకరకాల పేర్లు. అవిసె గింజలు ఇచ్చే అసలైన ఫ్లాక్స్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. నార ఇస్తుంది కాబట్టి అక్కడికి వెళ్లిన తెల్లవాళ్లు ఆ పేరు తగిలించారు. ఇప్పటి వర్గీకరణ ప్రకారం ఇది కలబంద ఉన్న కుటుంబంలోకే వస్తుంది. అయితే కలబంద చుట్టమే కదా, మన ఎండకు ఓర్చుకుంటుందిలే అనుకోవద్దు. అన్నదమ్ములలో ఒకరు గల్ఫ్ ఎండలో పని చేయగలిగితే రెండో వారూ చేయాలని లేదు.

మా చెల్లెలి కూతురు క్రైస్ట్‌చర్చ్‌లో ఆసుపత్రి నర్సు. మీ వ్యాసం ఫొటో తీసి ఆ అమ్మాయికి పంపాను. "పెద్దమ్మా, ఇది మా ఇంటి వెనక వాగు గట్టు నిండా ఉంది, దీన్ని డబ్బులు పెట్టి కొంటున్నారా?" అని నవ్వింది. తర్వాత సెలవు రోజున వాగు దగ్గరికి వెళ్లి వీడియో కాల్‌లో చూపించింది. ఆకుపచ్చ ఆకుల మామూలు రకం. దుబ్బులు దుబ్బులుగా, మొదళ్లు దాదాపు నీళ్లలో ఉన్నాయి. చుట్టూ బురద, పైన మబ్బు, ఆ అమ్మాయి ఒంటి మీద స్వెట్టరు. మొక్కకు ఏమి కావాలో ఆ ఒక్క దృశ్యంలో ఉంది. చిత్తడి నేల, చల్లని గాలి. క్రైస్ట్‌చర్చ్‌లో నడి వేసవిలో కూడా పగటి వేడి సగటున 22, 23 డిగ్రీలు. ఆ దేశం మొత్తంలో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక వేడి 42.4 డిగ్రీలు. అది 1973 ఫిబ్రవరి 7న, ఆ ఊరికి ఉత్తరాన ఉన్న రంగియోరాలో నమోదైంది. యాభై ఏళ్లు దాటినా వాళ్లు ఇంకా ఆ రోజు గురించి చెప్పుకుంటారట. నెల్లూరు జిల్లాలో మే నెలలో 42 దాటితే మీ పత్రికలో లోపలి పేజీలో రెండు వాక్యాల వార్త.

పగటి వేడి ఒక్కటే అయితే పచ్చని నెట్ కట్టి, సాయంత్రం నీళ్లు చల్లి ఎలాగో కాపాడవచ్చు. అసలు దెబ్బ రాత్రి తగులుతుంది. మొక్క పగలు ఎండలో ఆహారం తయారు చేసుకుంటుంది, రాత్రంతా శ్వాసకు అందులో కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఖర్చు అంత పెరుగుతుంది. మన తీరంలో వేసవి రాత్రి ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు, సముద్రపు గాలి ఆగిపోతే మనుషులకే నిద్ర ఉండదు. పైగా ఇది చారల రకం. ఆకులో మీగడ రంగుగా, గులాబీ రంగుగా కనిపించే చోట పత్రహరితం ఉండదు, లేదా చాలా తక్కువ. అంటే ఆకులో ఆ మేరకు సంపాదన లేదు. ఆ తెల్ల భాగమే ముందుగా ఎండకు మాడి గోధుమ రంగుకు తిరుగుతుంది. మనం ఏ అందం కోసం కొన్నామో అదే మొదట పోతుంది.

ఇక మన చేతుల్లోని ఆపద నీళ్లు. ఆకు వాడిపోతోంది కదా అని రెండు పూటలా పోస్తాం. చల్లని నేలలో ఎంత తడి ఉన్నా హాయిగా ఉండే ఈ మొక్క, వేడెక్కిన మట్టిలో తడి ఆరకుండా ఉంటే మొదలు కుళ్లిపోతుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక దంపతుల ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. వాళ్ల అబ్బాయి బెంగళూరు నుంచి కారులో తెచ్చి ఇచ్చిన మొక్క. అక్కడి వాతావరణంలో బాగానే ఉందట. చలికాలంలో తెచ్చారు కాబట్టి ఫిబ్రవరి దాకా ఇక్కడా కళకళలాడింది. ఏప్రిల్‌లో చారలు మాడడం మొదలైంది. ఆవిడ కంగారుపడి నీళ్లు పెంచారు, ఎవరో చెబితే వేప పిండి వేశారు, ఇంకెవరో చెబితే మజ్జిగ పోశారు. నన్ను పిలిపించే సరికి పైకి ఇంకా నాలుగు ఆకులు నిలబడే ఉన్నాయి. నడిమి ఆకు పట్టుకుని మెల్లగా లాగితే చేతిలోకి వచ్చేసింది, చివర మెత్తగా కుళ్లిన వాసన. మొవ్వు పోయిన మొక్కకు మందు లేదు. కుండీ మట్టి పారబోసి, కుండీని కడిగి ఎండబెట్టమని చెప్పి వచ్చాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సముద్రపు ఉప్పు గాలిని ఈ మొక్క బాగానే తట్టుకుంటుంది. మీ వ్యాసంలో "తీర ప్రాంతాలకు అనువైనది" అన్న మాట దాని నుంచే వచ్చి ఉంటుంది. కానీ తీరాలన్నీ ఒకటి కావు. అమెరికాలోనే చల్లని కాలిఫోర్నియా తీరంలో ఇది ఏపుగా పెరుగుతుంది, వేడీ ఉక్కా కలిసి ఉండే ఫ్లోరిడాలో చతికిలపడుతుంది. మన తుమ్మలపెంట, రామాయపట్నం, కొత్తపట్నం తీరాలు ఏ కోవలోకి వస్తాయో చెప్పడానికి వృక్షశాస్త్రం చదవనక్కరలేదు. ఊటీ లాంటి చల్లని కొండ ఊళ్లో ఇల్లున్న పాఠకులు ఎవరైనా ఉంటే వాళ్లు నిరభ్యంతరంగా ప్రయత్నించవచ్చు.

ఈ మొక్క గురించి రాయవద్దని నేను అనడం లేదు. కొనుక్కోమని రాయకుండా దాని కథ రాసి ఉంటే నేనే పది మందికి చదివి వినిపించేదాన్ని. న్యూజిలాండ్ మూలవాసులు మావోరీలు దీన్ని హరకెకె అంటారు. వాళ్ల బట్టలు, చాపలు, బుట్టలు, వలలు, తాళ్లు ఎక్కువగా ఈ ఆకు నుంచే వచ్చేవి. ఆకు కోయడానికి వాళ్లకు ఒక నియమం ఉంది. నడిమి మొవ్వు బిడ్డ, దానికి అటూ ఇటూ ఉన్న ఆకులు తల్లీ తండ్రీ. ఆ మూడింటి మీద కత్తి పెట్టకూడదు, బయటి ముదురు ఆకులనే కోయాలి. మా చెల్లెలి కూతురితో పనిచేసే ఒక మావోరీ నర్సు ఇప్పటికీ అలాగే కోసి బుట్టలు అల్లుతుందట. మన దగ్గర కలబంద కోసే వాళ్లకు, కరివేపాకు కొమ్మ విరిచే వాళ్లకు ఈ నియమం నేర్పితే ఎంత బాగుండును అనిపించింది.

ఇంకొక కథ ఉంది. ఓడల తాళ్లకు, తెరచాపలకు ఈ నార మీద ఇంగ్లీషు వాళ్ల కన్ను పడింది. ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రంలో ఉన్న నార్ఫోక్ దీవిలో ఖైదీలను పెట్టి నార తీయించబోయారు కానీ పని సరిగ్గా చేతకాలేదు. నేర్పించడానికని 1793లో టుకి, హురు అనే ఇద్దరు మావోరీ యువకులను ఓడలో పట్టుకుపోయారు. తీరా అక్కడికి తీసుకుపోయాక తెలిసింది, నార తీయడం, అల్లడం మావోరీలలో ఆడవాళ్ల పని. ఆ ఇద్దరికీ అది అంతంత మాత్రమే వచ్చు. చివరికి ఆ దీవి అధికారి ఫిలిప్ గిడ్లీ కింగ్ స్వయంగా వెంట వెళ్లి వాళ్లను వాళ్ల దేశంలో దించి వచ్చాడు. పని చేసేది ఎవరో కనుక్కోకుండా కనబడిన మగవాళ్లను పట్టుకుపోయే అలవాటు ఇవాళ్టిది కాదన్నమాట. మా నర్సరీకి వచ్చి, నేను ఎదురుగా నిలబడి ఉండగా "ఓనరు గారు లేరా?" అని అడిగే వాళ్లను చూసినప్పుడు నాకు టుకి, హురు గుర్తుకు వస్తున్నారు.

నెపోలియన్‌ను ఉంచిన సెయింట్ హెలీనా దీవిలో కూడా ఈ ఫార్మియంను నార కోసం విరివిగా వేశారు. బ్రిటిష్ తపాలా శాఖ సంచులు కట్టుకునే పురికొసకు ఆ నార వెళ్లేది. వాళ్లు కృత్రిమ దారానికి మారగానే 1966లో మిల్లులు మూతపడ్డాయి. మొక్క మాత్రం కొండల నిండా మిగిలిపోయి, ఆ దీవికే చెందిన అరుదైన మొక్కలకు చోటు లేకుండా చేసింది. సర్కారు తుమ్మను చూసిన మనకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. మన ఎండకు ఇది అలా పాకే ప్రమాదం లేదు లెండి, బతికితే కదా.

ఇప్పుడు మోసాల సంగతి. నేను కాదన్న వాళ్లలో కొందరు ఇంటికి వెళ్లి ఫోనులో ఆర్డరు పెట్టుకుంటున్నారు. అక్కడ "మూడు రంగుల ఫ్లాక్స్ విత్తనాలు" అని పొట్లాలు అమ్ముతున్నారు. చారల రకాలు విత్తనం నుంచి చారలతో రావు. పిలక విడదీసి నాటితేనే తల్లి రంగు వస్తుంది. ఆ పిలకలలో కూడా అప్పుడప్పుడూ ఒకటి పూర్తి ఆకుపచ్చగా లేస్తుంది. దాన్ని వెంటనే తీసేయకపోతే అదే బలిసి చారల వాటిని మింగేస్తుంది. కాబట్టి పొట్లం మీద మూడు రంగుల బొమ్మ ఉంటే ఆ పొట్లం అబద్ధం చెబుతోందని అర్థం. ఇక మొక్కలుగా పంపే వాళ్లు పొడుగు ఆకుల వేరే మొక్కలు, డయానెల్లా పంపుతున్నారు, కార్డిలైన్ పంపుతున్నారు, చేతికి ఏది అందితే అది పంపుతున్నారు. బిట్రగుంటలో ఒక టీచరమ్మ గారికి స్పైడర్ ప్లాంటు వచ్చింది. చిటికెన వేలంత మొక్కకు ఆవిడ పెట్టిన డబ్బుతో నా దగ్గర పది నందివర్ధనాలు వచ్చేవి. ఆవిడకు అదేమిటో చెప్పి, నీడలో వేలాడదీయమన్నాను. ఇప్పుడు అది పిల్లలు వేసి కిందికి జారింది, ఆవిడ సంతోషంగానే ఉన్నారు. ధర తప్ప మొక్కలో లోపమేమీ లేదు.

మరి పొడుగు ఆకు, చారలు, రాజసం కావాలంటే ఏమి వేసుకోవాలి? ఈ ప్రశ్నకు మీ పేజీలో జవాబు వస్తుందని ఎదురుచూసి, ఇక నేనే చెబుతున్నాను.

నా మొదటి ఓటు చారల మొగలికి. మొగలి మన తీరపు మొక్క, ఇసుక నేల, ఉప్పు గాలి దానికి పుట్టిల్లు. పసుపు చారల రకాలు, తెల్ల చారల రకాలు నర్సరీలలో దొరుకుతాయి. బొమ్మలోని ఫ్లాక్స్‌ను కొంచెం దూరం నుంచి చూసిన వాళ్లకు, దీన్ని చూసిన వాళ్లకు పెద్ద తేడా తెలియదు. కొనేటప్పుడు ఆకు అంచు మీద వేలు పెట్టి చూడండి. కొన్నిటికి రంపపు ముళ్లు ఉంటాయి, కొన్ని రకాలకు ఉండవు. పిల్లలు తిరిగే చోట ముల్లు లేనిదే తీసుకోవాలి. మొక్కకూ మొక్కకూ కనీసం నాలుగు అడుగులు వదలండి. ఇప్పుడు ఖాళీగా కనిపిస్తుంది కానీ రెండు మూడేళ్లలో నిండుతుంది. మొదలు చుట్టూ పుట్టే పిలకలు తీసి పక్కింటి వాళ్లకు ఇవ్వవచ్చు, నాకు నష్టమైనా చెబుతున్నాను.

కుండీలకు పసుపు అంచు స్నేక్ ప్లాంటు. ఇది అందరికీ తెలిసినదే, చులకన అయిపోయింది కూడా. కానీ నెల్లూరు ఎండలో, బోరు ఉప్పు నీళ్లతో, ఊరికి వెళ్లి పది రోజులు మరిచిపోయినా నిలబడే చారల మొక్క ఇంకొకటి చూపించండి. ఒక్క జాగ్రత్త. దీని ఆకు ముక్క గుచ్చినా వేరు పడుతుంది, కానీ వచ్చే పిల్లకు పసుపు అంచు ఉండదు, ఉత్త ఆకుపచ్చ మొక్క వస్తుంది. అంచు కావాలంటే దుబ్బు విడదీసి దుంపతో సహా పిలక నాటాలి. ఈ సంగతి తెలియక "మీరిచ్చిన మొక్క రంగు మారింది" అని నాతో తగువుకు వచ్చిన వాళ్లున్నారు.

ఆ స్నేక్ ప్లాంటుకు మన సొంత చుట్టం చాగ. మన తూర్పు తీరంలో ముళ్ల పొదల నీడన సహజంగా పెరుగుతుంది. ఆకు సన్నగా, మందంగా ఉంటుంది, మీద అడ్డంగా ముదురాకుపచ్చ పట్టీలు. చాగ నారతో పూర్వం విల్లుకు తాడు పేనేవారు. సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరపు మొక్కల బొమ్మలు వేయించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ నార మీద శ్రద్ధ పెట్టాడు. దీని శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. న్యూజిలాండ్ నార మొక్క కోసం మనవాళ్లు ఫోనులు అరగదీస్తుంటే, ఈ నేల నార మొక్క కంప కింద పడి ఉంది. అయితే దయచేసి ఎవరూ గునపం పట్టుకుని అడవికి వెళ్లవద్దు. ఉన్న కాసిని దుబ్బులు కూడా పోతాయి. నర్సరీల వాళ్లం పిలకలతో పెంచి ఇవ్వాలి. నా దగ్గర కొన్ని కవర్లలో లేస్తున్నాయి, అమ్మే స్థితికి ఇంకా రాలేదు.

నీళ్లు నిలిచే పల్లపు చోటికి తెల్ల అంచు ఆకుల స్పైడర్ లిల్లీ మేలు. ఎండాకాలమూ గడుపుతుంది, నవంబరు ముంపుకూ బెదరదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా నర్సరీ వెనక వరుస నీళ్లలో ఉంటే, నీళ్లు తీశాక తల ఎత్తిన వాటిలో ఇదే ముందు. పొట్టిగా, దారి అంచుకు కావాలంటే గులాబీ చారల రియో బాగుంటుంది, అడుగున ఊదా రంగు. దాని రసం చర్మానికి తగిలితే కొందరికి దురద పెడుతుంది, అది ముందే చెప్పాలి. పొద లాగా కావాలంటే తెల్ల మచ్చల ఆకు నందివర్ధనం వేసుకోండి. పూజకు పూలు కూడా వస్తాయి. పసుపు అంచుల కిత్తలి చూడడానికి అన్నిటికన్నా గంభీరంగా ఉంటుంది కానీ ఆకు చివర సూదిలాంటి ముల్లు. పిల్లలు ఆడుకునే పార్కులో నడక దారి పక్కన వేసే మొక్క కాదు. గేటుకు దూరంగా, రాళ్ల మధ్య ఒంటరిగా వేసుకుంటే సరే.

ఎక్కడ ఏది వేసినా మన నెలలు వేరు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు నాటిన మొక్క చలికాలమంతా వేరు పోసుకుని వేసవికి సిద్ధమవుతుంది. హైదరాబాదు లెక్క చూసుకుని జూన్‌లో నాటితే ఇక్కడ జూన్ ఎండకు మాడుతుంది. మీ పేజీలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది కాబట్టి చెబుతున్నాను. అది ఫ్లాక్స్ వ్యాసానికే పరిమితం కాదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఒక మొక్క గురించి రాసినప్పుడు దాని శాస్త్రీయ నామం తెలుగు అక్షరాలలోనే ఒక పక్కన వేయండి. అది ఏ నేలది, ఎంత వేడి తట్టుకుంటుంది, ఎంత పెరుగుతుంది అన్నది బొమ్మ పక్కన రెండు వాక్యాలు చాలు. మీ పత్రికకు జిల్లా పేజీలు ఉన్నాయి కదా. అరకు పాఠకులకు పనికివచ్చే మొక్క ఉదయగిరి పాఠకులకు పనికిరాదు. అచ్చువేసే ముందు ఏ జిల్లా ఉద్యాన శాఖ అధికారికైనా, కాకపోతే ఏ ఊళ్లోనైనా చెయ్యి మట్టిలో పెట్టే నర్సరీ మనిషికైనా ఒకసారి చూపించండి. మేము డబ్బులు అడగం.

కాలనీ సంఘం వారికి నేను కాగితం మీద రాసి ఇచ్చినది ఇది. ఎండ పడే వైపు ముల్లు లేని చారల మొగలి, చెట్ల నీడ ఉన్న వైపు స్నేక్ ప్లాంటు, కుళాయి దగ్గర పల్లంలో స్పైడర్ లిల్లీ. అన్నీ అక్టోబరులో మొదటి వాన పడ్డాక నాటాలి. వాళ్లు అడిగిన ఫ్లాక్స్ ఖర్చులో సగం కూడా కాదు. ప్రెసిడెంటు గారు ఒప్పుకున్నారు. సెక్రటరీ గారు మాత్రం ఇంకా మీ పేజీని పట్టుకునే ఉన్నారు, "పేపరులో అంత స్పష్టంగా వేస్తే నువ్వు కాదంటావేమిటమ్మా" అంటున్నారు. వాళ్ల తదుపరి సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం. ఈలోగా మీరు సవరణ వేస్తే ఆ పేజీని కూడా ఆయనకు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక నర్సరీ నిర్వాహకురాలు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా